క్లానాడ్ ఆఖరి డిస్క్‌లోని క్యో ఎపిసోడ్: అది ముగింపు కాదు, అలాగని వదిలేసేదీ కాదు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు క్లానాడ్ అనే జపాన్ యానిమే (యానిమేషన్ సీరియల్), దాని రెండో భాగం ఆఫ్టర్ స్టోరీ పూర్తిగా చూశారు. చూశాక మీ స్నేహితుడు "అసలు ముగింపు టీవీలో రానేలేదు, చివరి డీవీడీలో పెట్టారు, అందులో హీరో తొమొయా, తనతో చదివే క్యో అనే అమ్మాయిని ప్రేమిస్తాడు" అన్నాడు. అది నిజమేనా, నిజమైతే ఎందుకు దాచారు, హ్యూస్టన్‌లో ఉన్న మీ బావగారితో డిస్క్ తెప్పించుకుంటే విజయవాడలో మీ ప్లేయర్‌లో ప్లే అవుతుందా అని అడిగారు.

ఆఫ్టర్ స్టోరీ ఇంకా చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి. కింద కథ మొత్తం బయటపడుతుంది.

మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. టీవీలో రాని ఎపిసోడ్ ఒకటి ఉంది, అందులో తొమొయా, క్యో ఒకటవుతారు. కానీ అది ముగింపు కాదు. కథకు ముగింపు మీరు చూసిన 22వ ఎపిసోడే. దాని తర్వాత టీవీలోనే ఇంకో రెండు వచ్చాయి. ఒకటి కథ మొదలవడానికి ముందటి ఏడాది సంగతులు చెప్పే అదనపు ఎపిసోడ్, ఇంకొకటి జరిగిన కథనంతా మళ్లీ కలిపి చూపించే రీక్యాప్. ఆ రీక్యాప్ చూడకపోయినా మీకు పోయేదేమీ లేదు. అవి అయ్యాక 2009 మార్చి చివర్లో ప్రసారం ముగిసింది. జపాన్‌లో డీవీడీలు అప్పటికే వరుసగా వస్తున్నాయి. మొదటిది 2008 డిసెంబరులో వస్తే, ఎనిమిదోది, ఆఖరిది, 2009 జులై 1న వచ్చింది. మీరు అడుగుతున్నది ఆ ఎనిమిదో డిస్క్‌లో ఉంది. దాని పేరే "మరో ప్రపంచం, క్యో అధ్యాయం". మొదటి భాగానికీ ఇదే పద్ధతి. దాని ఎనిమిదో డీవీడీ 2008 జులైలో వచ్చింది, అందులో "మరో ప్రపంచం, తొమొయో అధ్యాయం" పెట్టారు (తొమొయో అంటే ఇంకో అమ్మాయి, హీరో తొమొయా కాదు). అంటే మీరు చూడనిది ఒకటి కాదు, రెండు. మీ స్నేహితుడు రెండోదాని మాట ఎత్తలేదంటే బహుశా తనూ చూసి ఉండడు.

ఇక ఎందుకు దాచారన్నది. ఇందులో వ్యాపారం ఎంతుందో కథకు సంబంధించిన న్యాయం కూడా అంతే ఉంది. వ్యాపారం సంగతి త్వరగా చెప్పేస్తాను.

జపాన్‌లో అర్ధరాత్రి వచ్చే యానిమే మన టీవీ సీరియల్ లాంటిది కాదు. నిర్మాణంలో వాటా ఉన్న కంపెనీలన్నీ ఒక కమిటీగా ఏర్పడి, చాలాసార్లు ఎదురు డబ్బులిచ్చి మరీ చానల్‌లో ఆ టైం కొనుక్కుంటాయి. ప్రసారం వాళ్లకు ఒక పెద్ద ప్రకటన లాంటిది. పెట్టుబడి తిరిగి రావాల్సింది డిస్కుల మీద, పాటల సీడీల మీద, బొమ్మల మీద. స్ట్రీమింగ్ డబ్బులు పెద్దగా లేని 2008-09 రోజుల్లో డిస్కే ప్రాణం. ఒక్కో డిస్క్‌లో కొన్ని ఎపిసోడ్లే, ధర ఆరేడు వేల యెన్లు. అలాంటివి ఎనిమిది కొంటే 50,000 యెన్లకు అటూ ఇటూ అవుతుంది. అప్పట్లో యెన్ దాదాపు అర్ధ రూపాయి, లెక్క మీరే వేసుకోండి. టీవీలో ఉచితంగా చూసేసిన కథకి అంత డబ్బు పెట్టి, ప్రసారం అయిపోయిన మూడు నెలల తర్వాత కూడా ఎనిమిదో డిస్క్ దాకా కొనుక్కుంటూ రావాలంటే ఆ చివర ఏదో ఒకటి ఎదురుచూస్తూ ఉండాలి. అందుకే ప్రసారం కాని ఎపిసోడ్‌ని మొదటి డిస్క్‌లో కాకుండా ఆఖరి డిస్క్‌లో పెడతారు. ఇది ఈ ఒక్క సిరీస్ ఎత్తుగడేమీ కాదు. తొరదొరా అనే ఇంకో ప్రేమకథకు 2009లో ప్రసారం ముగిస్తే, 2011 డిసెంబరులో బ్లూ-రే బాక్స్ వేస్తూ అందులో ఒక కొత్త ఎపిసోడ్ కలిపారు. అదీ ముగింపుకు కొనసాగింపేమో అనుకుని కొన్నవాళ్లకు దొరికింది లంచ్ బాక్సుల పోటీ! సరదాగానే ఉంటుంది, కానీ ప్రేమకథ మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యదు.

క్లానాడ్ విషయంలో అలా కాదు. ఎందుకో అర్థం కావాలంటే ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. క్లానాడ్ మొదట 2004 ఏప్రిల్‌లో కీ అనే సంస్థ విడుదల చేసిన విజువల్ నావెల్. బొమ్మలు, సంగీతంతో పాటు చదువుకుంటూ పోయే ఆట అన్నమాట. మధ్యమధ్యలో మీరు తీసుకునే నిర్ణయాన్ని బట్టి కథ దారి మారుతుంది. మీరు తొమొయా. ఒకసారి ఆడితే నాగిసాకు (టీవీ కథలో తొమొయా భార్య అయ్యే అమ్మాయి) దగ్గరవుతారు, ఇంకోసారి ఆడితే తొమొయోకు, మరోసారి కొతొమికి, ఇంకోసారి క్యోకి. అసలు మెలిక ఏమిటంటే ఆఫ్టర్ స్టోరీ అనే భాగం మొదట్లో తాళం వేసి ఉంటుంది. మిగతావాళ్ల కథలు ఆడి, వాళ్ల కష్టాలు తీర్చి, వెలుగు ముద్దలు పోగేసుకుంటేనే అది తెరుచుకుంటుంది. టీవీ చివర్లో జరిగే ఆ అద్భుతం ఉంది చూశారా, నాగిసా బతకడం, చాలామంది "ఇదేం మోసం" అని తిట్టుకునేది, దానికి ఆటలో మూల్యం అప్పటికే చెల్లించి ఉంటారు. పది మంది కథల్లోంచి నడిచొస్తే గానీ ఆ ఒక్క ఇంటికి చేరలేరు.

క్యోటో యానిమేషన్ దీన్ని టీవీకి తెచ్చేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. దర్శకుడు తత్సుయా ఇషిహరా, కథనం కూర్చిన ఫుమిహికో షిమో నాగిసా కథనే వెన్నెముకగా పెట్టుకున్నారు. ఫూకో, కొతొమి లాంటి వాళ్ల కథల్లో ప్రేమను తగ్గించి, స్నేహంగా మార్చి లోపలికి తెచ్చారు. అవి అలా ఒదిగిపోయాయి. తొమొయో, క్యో కథలు ఒదగవు. అవి ప్రేమకథలే, ప్రేమ తీసేస్తే వాటిలో మిగిలేదేమీ లేదు. కాబట్టి టీవీలో వాళ్లిద్దరికీ దక్కింది ఓటమి మాత్రమే.

ఆ ఓటమి మొదటి భాగం 18వ ఎపిసోడ్‌లో ఉంది. మీరు చూసే ఉంటారు, కానీ అప్పుడు మీ కళ్లు నాగిసా మీద ఉండి ఉంటాయి. మళ్లీ చూడండి. టెన్నిస్ కోర్టు. నాగిసాకు బంతి తగులుతుంది. తొమొయా ఇంకేమీ ఆలోచించకుండా పరుగెత్తుతాడు. ఎవరూ "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అనరు, ఎవరూ గొడవపడరు. ఆ పరుగు చూసి క్యో, ఆమె కవల చెల్లెలు ర్యో, తొమొయో, ఈ ముగ్గురమ్మాయిలకు ఒకేసారి విషయం అర్థమైపోతుంది. ర్యో ఏడుస్తుంది. క్యో తన చెల్లెల్ని దగ్గరకు తీసుకుంటుంది, అంతలో తనూ ఏడుస్తోందని మనకు తెలుస్తుంది. అప్పటిదాకా నిఘంటువులు గురిచూసి విసిరే పిల్ల, బోతాన్ అనే అడవి పంది పిల్లను వెంటేసుకుని తిరిగే పిల్ల, చెల్లెలి కోసం మధ్యవర్తిగా తిరుగుతోందని మనం నవ్వుకున్న పిల్ల. తను కూడా అతన్నే కోరుకుందని తెలియడానికీ, ఆ కోరిక తీరదని తెలియడానికీ మధ్య మనకు దొరికేది కొన్ని క్షణాలే. యానిమేలో ప్రేమలో ఓడిపోయే అమ్మాయిలు బోలెడంత మంది. ఇంత చప్పుడు లేకుండా ఓడిపోయిన వాళ్లు నాకు తెలిసి తక్కువ.

ఆ తర్వాత ఆఫ్టర్ స్టోరీలో క్యో కిండర్‌గార్టెన్ టీచర్. తొమొయా, నాగిసాల కూతురు ఉషియో చదివేది తన దగ్గరే. బోతాన్ కూడా పెద్దదై ఆ బడిలోనే తిరుగుతుంటుంది. తొమొయా కూతుర్ని చూసి క్యో మాట్లాడే మాటల్లో పాత సంగతి ఒక్క ముక్క కూడా దొర్లదు. ర్యో నర్సు అయింది. జీవితం ఎవరి దారిన వాళ్లను తీసుకుపోయింది. టీవీ కథ ప్రకారం అంతే, అయిపోయింది.

ఆఖరి డిస్క్ ఎపిసోడ్ ఈ అయిపోయినదాన్ని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటుంది. నాగిసాతో ప్రేమ పుట్టని ప్రపంచంలో క్యో తన కవల చెల్లెలు ర్యోని తొమొయాతో కలుపుతుంది. తొమొయా కాదనడు, అది అతని తప్పు. ర్యోతో తిరుగుతూ తిరుగుతూ తన మనసు అక్క దగ్గర ఉందని తెలుసుకుంటాడు. క్యోకి తన మనసు ముందు నుంచీ తెలుసు. చివర్లో తొమొయా ర్యోకి నిజం చెప్పాలనుకుంటాడు. తన ముందున్నది పొట్టి జుట్టు ర్యో అనుకుని, తను ప్రేమిస్తున్నది క్యోనని చెప్పేస్తాడు. తీరా చూస్తే ఎదురుగా ఉన్నది పొడుగు జుట్టు కత్తిరించేసుకున్న క్యో. ఆ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే గుర్తుండేది ఆ జుట్టే. సిరీస్ మొత్తం ఇద్దరు కవలల్ని మనం గుర్తుపట్టేది జుట్టు పొడుగును బట్టి. ఆ ఆనవాలు తీసేస్తే తొమొయాకు తెలియలేదు. తను ఎవరో తెలియని చోట నిలబడి తన గురించే నిజం వినాలనుకుంది ఆ పిల్ల.

నిక్కచ్చిగా చెప్పాలంటే ఇది గొప్ప ఎపిసోడ్ కాదు. ఆటలో గంటల తరబడి నడిచే కథను ఇరవై నాలుగు నిమిషాల్లో కుక్కారు. ర్యోకి బాగా అన్యాయం జరిగింది. పేకముక్కలతో జోస్యం చెప్తే ఎప్పుడూ తారుమారే అయ్యే ఆ అమ్మాయి మనసులో ఏముందో చూపించడానికి టైమే దొరకలేదు. ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి దూకుడు ఎక్కువ. కథగా చూస్తే తొమొయో ఎపిసోడ్ చాలా గట్టిది. స్టూడెంట్ కౌన్సిల్ అధ్యక్షురాలైన తొమొయో, తన వల్ల ఆమె ఎదుగుదల ఆగిపోతోందని దూరం జరిగే తొమొయా, ఆమె కాపాడాలనుకున్న చెర్రీ చెట్లు, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కానీ అది చూసి బాగుందనుకుని పడుకోవచ్చు. క్యో ఎపిసోడ్ అలా వదలదు. టెన్నిస్ కోర్టు బాకీ అలాగే ఉంది కదా, అందుకు.

అందుకే దాన్ని బోనస్ అంటే నేను ఒప్పుకోను, అసలు ముగింపు అన్నా ఒప్పుకోను. ఆట ఆడినవాళ్లు నాగిసా దగ్గరికి వెళ్లే దారిలో తమ చేతులతో నడిచిన మిగతా దారుల్లో ఒకటి అది. టీవీ ప్రేక్షకులకు ఆ దారి చూపించడానికి నిర్మాతలకు మిగిలిన జాగా ఆఖరి డిస్క్. అందుకే ఆ పేరు కూడా "మరో ప్రపంచం" అని పెట్టారు. సిరీస్‌లో మధ్యమధ్య వచ్చే ఆ ఒంటరి అమ్మాయి, పాత సామాన్లతో చేసిన బొమ్మ ఉన్న లోకం గుర్తుందా? ఒకే ఊరికి అనేక ప్రపంచాలు ఉండొచ్చని కథ తనే ఒప్పుకుంది. కాబట్టి క్యో ఎపిసోడ్ చూస్తే నాగిసాకు ద్రోహం చేసినట్టేమీ కాదు. మీ ప్రశ్నలో ఆ టెన్షన్ కొంచెం కనిపించింది, అందుకే చెప్తున్నాను.

ఎప్పుడు చూడాలంటే, 22వ ఎపిసోడ్ అయిన రాత్రే మాత్రం వద్దు. అప్పుడు చూస్తే ఉషియోని వదిలేసి ఇంకెవరి ప్రేమకథో చూస్తున్నట్టు చిరాకేస్తుంది. చాలామంది క్యో ఎపిసోడ్ బాలేదని రాసేది ఇలా చూసినవాళ్లే. కొన్నాళ్లు పోనివ్వండి. తర్వాత ఒకరోజు మొదటి భాగం 18వ ఎపిసోడ్ పెట్టుకుని, అది అయ్యీ అవ్వగానే క్యో ఎపిసోడ్ చూడండి. తొమొయో ఎపిసోడ్‌కి ఇలాంటి నియమమేం లేదు, మొదటి భాగం అయ్యాక ఎప్పుడైనా సరే. 2007లో వేరే స్టూడియో తీసిన క్లానాడ్ సినిమా ఒకటుంది, ఒసాము దెజాకి దర్శకత్వం. అది ఇదే కథను ఇంకోలా చెప్పిన వేరే సరుకు, దీనికి కొనసాగింపు కాదు. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

ఇప్పుడు కొనడం సంగతి. జపాన్ ఆఖరి డీవీడీ ఒక్కటే విడిగా వేటాడకండి. పాత వస్తువుల సైట్లలో దొరుకుతుంది, అట్ట అందంగా ఉంటుంది, కానీ మనకు పనికొచ్చే సబ్‌టైటిల్స్ ఉండవు. జపాన్ డిస్కుల్లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అరుదు. 2011 ఏప్రిల్‌లో ఆఫ్టర్ స్టోరీ బ్లూ-రే బాక్స్ కూడా జపాన్‌లో వచ్చింది, అందులో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి గానీ కింద చెప్పే రీజియన్ ఇబ్బంది దానికీ ఉంది. మీకు కావాల్సింది అమెరికా డిస్క్. అక్కడ దీన్ని విడుదల చేసింది సెంటాయ్ ఫిల్మ్‌వర్క్స్, ఆ కంపెనీ ఉన్నది మీ బావగారి ఊరు హ్యూస్టన్‌లోనే. మొదట 2009లో సగం సగంగా, సబ్‌టైటిల్స్‌తో మాత్రమే డీవీడీలు వేశారు. తర్వాత ఇంగ్లిష్ డబ్‌తో కలిపి మొత్తం సిరీస్‌ని ఒకే సెట్‌గా తెచ్చారు. ఆ పూర్తి సెట్‌లో ప్రసారం కాని ఎపిసోడ్ కూడా ఉంటుంది. సగం సెట్లు చవగ్గా కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. ఒక సగం దొరికి ఇంకో సగం దొరక్క ఇబ్బంది పడతారు, పైగా మీకు కావాల్సిన ఎపిసోడ్ రెండో సగంలో ఉంటుంది.

ప్లేయర్ విషయంలో మాత్రం జాగ్రత్త. బ్లూ-రేకి ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విడదీశారు. అమెరికా, జపాన్ రెండూ 'ఏ' (A). ఇండియా 'సీ' (C). మీరు విజయవాడలో కొన్న మామూలు ప్లేయర్ 'సీ'కి లాక్ అయి ఉంటే 'ఏ' (A) రీజియన్ డిస్క్‌ని తీసుకోదు, తెరమీద రీజియన్ తప్పని చూపించి ఊరుకుంటుంది. డీవీడీకి లెక్క వేరు. అమెరికా 1, జపాన్ 2, ఇండియా 5. అయితే మన దగ్గర అమ్మే డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి రిమోట్‌తో రీజియన్ తీసేసే కోడ్ ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ, పాల్ (అమెరికాకూ మనకూ వేరువేరుగా ఉండే వీడియో పద్ధతులు) తేడాను ఇప్పటి టీవీలు పట్టించుకోవు. అందుకని మీ దగ్గర రీజియన్ లేని బ్లూ-రే ప్లేయర్ లేకపోతే, డీవీడీ సెట్టే తెప్పించుకోండి. బొమ్మ కొంచెం మెత్తగా కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

కంప్యూటర్‌లో చూద్దామనుకుంటే డీవీడీ డ్రైవ్‌కి రీజియన్ మార్చుకునే అవకాశం ఐదుసార్లే ఉంటుంది. ఐదోసారి పెట్టిందే ఖాయమైపోతుంది. సరదాకి మార్చి చూడకండి. బ్లూ-రేకి అయితే డ్రైవ్‌తో పాటు ప్లే చేసే సాఫ్ట్‌వేర్ కూడా విడిగా కొనాలి, విండోస్‌తో రాదు.

స్ట్రీమింగ్‌లో ఉండదా అంటే, సిరీస్ ఉన్నచోట కూడా ఆ రెండు ఎపిసోడ్లు ఉండాలని లేదు. హక్కులు దేశానికో రకంగా, ఏడాదికో రకంగా మారుతుంటాయి, ప్రసారం కాని ఎపిసోడ్లు చాలాసార్లు ఒప్పందంలో కలవవు. ఆఫ్టర్ స్టోరీ కింద 24 ఎపిసోడ్లు చూపిస్తే క్యో లేనట్టు, 25 చూపిస్తే ఉన్నట్టు. మొదటి భాగానికి 23 అయితే తొమొయో లేదు, 24 అయితే ఉంది.

దొంగ సరుకు గురించి కూడా ఒక మాట. రెండు భాగాలూ, సినిమాతో సహా అంతా కలిపి మూడు నాలుగు డిస్కుల్లో, చైనీస్, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో, "ఆల్ రీజియన్" అని రాసి ఎవరైనా అమ్ముతుంటే అది నకిలీ. 50 ఎపిసోడ్ల దాకా అన్ని తక్కువ డిస్కుల్లో కుక్కితే బొమ్మ చతురస్రాలుగా పగిలిపోతుంది. నా దగ్గర అలాంటి సెట్ ఒకటి ఎవరో బహుమతిగా ఇచ్చింది ఉంది. అందులో సబ్‌టైటిల్స్ ప్రకారం నాగిసాకు ఇష్టమైన దాంగో అనే బియ్యప్పిండి ఉండలు ఒకచోట కుడుములు, ఇంకోచోట బంతులు! నవ్వుకోవడానికైతే ఉంచుకోవచ్చు, మొదటిసారి చూడడానికి మాత్రం పనికిరాదు.

మీ బావగారికి చెప్పేటప్పుడు "క్లానాడ్ కావాలి" అని మాత్రం చెప్పకండి, ఆయన మొదటి భాగమో సినిమానో తెచ్చేస్తారు. "ఆఫ్టర్ స్టోరీ, కంప్లీట్ కలెక్షన్, డీవీడీ" అని రాసి పంపండి. డబ్బు కట్టేముందు అట్ట వెనక ఫోటో తీసి పంపమనండి. అందులో ఎపిసోడ్ల సంఖ్య, డిస్క్ రీజియన్ రెండూ కనిపించాలి. సీలు తీయని సెట్ కోసం పట్టుబట్టక్కర్లేదు, వాడిన సెట్ అయినా గీతలు లేకపోతే చాలు. ముఖ్యంగా ఆఖరి డిస్క్ వెనకవైపు ఫోటో విడిగా అడగండి.